అరుగును వెదకుతూ ఇందోరు దాకా

ఇందోరు నగరంలో రాజవాడకు దగ్గరగా సరాఫా బజారు అనే వీధి ఒకటి ఉన్నది. పగటిపూట అక్కడికి వెళ్ళినవారికి ఇరువైపులా బంగారు, వెండి నగల దుకాణాలు కనిపిస్తాయి. రాత్రి తొమ్మిది దాటేసరికి ఆ దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడతాయి. మూసిన తలుపుల ఎదుట, అవే మెట్ల మీద, పొయ్యిలు వెలుగుతాయి. లేత మొక్కజొన్న తురిమి పాలలో ఉడికించిన 'భుట్టే కా కీస్', చలికాలమైతే నూనెలో వేయించిన గరాడు దుంప, వేడివేడి జిలేబీ వరుసగా వచ్చి నిలుస్తాయి. అర్ధరాత్రి వరకు ఇసుక వేస్తే రాలనంత జనం. తెల్లవారేసరికి ఆ సంబరమంతా మాయమై, మళ్ళీ తక్కెడలు, నగల పెట్టెలు.

మా వెంట వచ్చిన పద్దెనిమిది మంది విద్యార్థులూ తినడంలో మునిగిపోయారు. ఒక అమ్మాయి మాత్రం చేతిలోని దొన్నె పక్కన పెట్టి, నోటు పుస్తకం తీసింది.

"మాస్టారూ, ఈ వీధిని పటంలో ఏ రంగుతో చూపించాలి?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నే మమ్మల్ని విశాఖపట్నం నుండి ఇంతదూరం తీసుకువచ్చినది.

రంగుల పటం

మన పట్టణ ప్రణాళికా పటాలలో నివాస ప్రాంతానికి పసుపు రంగు, వాణిజ్యానికి నీలం, పరిశ్రమలకు ఊదా వేయడం పరిపాటి. ఆర్కిటెక్చరు చదివే ప్రతి విద్యార్థీ మొదటి సంవత్సరాల్లోనే ఈ రంగులు నేర్చుకుంటాడు. నేర్చుకున్న తరువాత లోకాన్ని ఆ రంగులలోనే చూడడం అలవాటవుతుంది.

ఈ ఆలోచనకు ఒక చరిత్ర ఉన్నది. 1933లో ఐరోపాలోని ఆధునిక వాస్తుశిల్పులు సమావేశమై, నగరానికి నాలుగు పనులున్నాయని తీర్మానించారు. అవి నివసించడం, పనిచేయడం, సేదతీరడం, రాకపోకలు సాగించడం. ఈ నాలుగింటికీ వేర్వేరు తావులు కేటాయించాలన్నది ఆ భావన సారాంశం. 'ఏథెన్స్ శాసనపత్రం' అనే పేరుతో దానికి ప్రచారం కల్పించినవాడు చండీగఢ్ నిర్మాత లె కార్బూజియే. పొగ గొట్టాల పక్కనే పసిపిల్లలు పెరిగే ఆనాటి పారిశ్రామిక నగరాలను చూచినవారికి ఆ ఆలోచన సహజమే.

అయితే మన ఊళ్ళు ఆ విధంగా పెరగలేదు. కింద కొట్టు, పైన ఇల్లు, వెనుక మగ్గమో కుట్టుమిషనో, ముందు అరుగు: ఇదే మన పాత బజారు వీధుల తీరు. 1961లో అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్, వివిధ వ్యాపకాలు కలగలసి ఉన్న వీధులే సజీవంగా, సురక్షితంగా ఉంటాయని వాదించినప్పుడు పాశ్చాత్య ప్రణాళికావేత్తలకు అది తిరుగుబాటుగా తోచినది. మన పాత ఊళ్ళలో దుకాణపు అరుగు మీద కూర్చున్న ముసలివారికి ఆ సంగతి ఎవరూ చెప్పనవసరం లేకపోయినది.

కలిగినవారికి ఇల్లూ పనీ వేరైనా నష్టం లేదు. వారికి వాహనం ఉన్నది. పేదవాడికి ఇల్లే కార్ఖానా, గుమ్మమే దుకాణం. ఆ గుమ్మాన్ని తీసివేస్తే అతనికి గోడలు మిగులుతాయి గాని బ్రతుకుతెరువు మిగలదు. ఇంటినీ జీవనోపాధినీ ఒకే కప్పు కింద సమకూర్చే కట్టడాన్ని మా శాస్త్రంలో మిశ్రమ వినియోగ భవనం అంటారు. దానిని రూపొందించడం విద్యార్థులకు నేర్పడమే ఆ సంవత్సరం నాకు అప్పగించిన పని.

ఇడ్లీల పిన్ని ప్రశ్న

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సుమారు ఆరున్నర కోట్ల మంది మురికివాడలలో నివసిస్తున్నారు. వారిలో కోటిమందికి పైగా నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనివారు. ఈ సంఖ్యలో మహారాష్ట్ర తరువాత స్థానం మనదే. పది లక్షలు దాటిన నగరాలలో మురికివాడల కుటుంబాల నిష్పత్తి అత్యధికంగా నమోదైనది విశాఖపట్నంలో: నూటికి 44. సముద్రపు ఒడ్డున షికారు చేసే యాత్రికులకు ఈ సంగతి తెలియదు. కొండవాళ్ళ వైపు తల ఎత్తి చూస్తే తెలుస్తుంది.

అటువంటి ఒక కొండవాలు బస్తీని మా నాలుగవ సంవత్సరం విద్యార్థులకు పాఠంగా ఎన్నుకున్నాము. కింద ఒక రోడ్డు, పైన ఒక సందు, మధ్యన నలభై ఇళ్ళు. ఆ స్థలంలోనే, ఎవరినీ దూరం పంపకుండా, నలభై కుటుంబాలకు ఇళ్ళు, వారి వ్యాపకాలకు తావులు, ఒక అంగన్‌వాడీ అమరేలా భవనం ఊహించాలి. విద్యార్థులు టేపులు పట్టుకొని కొలిచారు. కుటుంబానికి ఎందరు, నీళ్ళు ఎక్కడివి, మరుగుదొడ్డి ఉన్నదా లేదా అన్నీ రాసుకున్నారు. ఆరు వారాలలో అందమైన పటాలు, అట్టతో చేసిన నమూనాలు సిద్ధమయ్యాయి.

వాటిని బస్తీవారికే చూపిద్దామని తీసుకువెళ్ళాము. రామమందిరం ముందున్న చప్టా మీద నమూనాలు పేర్చాము. జనం మూగారు, మెచ్చుకున్నారు. మలుపు దగ్గర ఇడ్లీలు వేసి అమ్మే ఒక పెద్దావిడ మాత్రం చాలాసేపు వంగి చూచి, తల ఎత్తింది.

"బాగుంది గాని బాబూ, నా ఇల్లెక్కడ?"

ఒక కుర్రవాడు రెండవ అంతస్తులోని గదిని వేలితో చూపించాడు.

"మరి నా పొయ్యెక్కడెట్టుకోవాలి? తెల్లారగట్ల నాలుగింటికి పప్పు రుబ్బి, ఆ మెట్లన్నీ దిగి, కిందకొచ్చి ఎవరి గుమ్మంలో కూకోవాలి?"

కుర్రవాడు నావైపు చూచాడు. మేము కుటుంబాలను లెక్కించాము, పొయ్యిలను లెక్కించలేదు.

ఆ రోజు అతని కంటె నాకే ఎక్కువ సిగ్గు కలిగింది. అందుకు కారణం ఉన్నది. ఇరవై ఏళ్ళ క్రితం, ఒక కార్యాలయంలో చిన్న ఉద్యోగిగా ఉన్న రోజులలో, కాలువ గట్టు మీది గుడిసెలు తొలగించి ఆ కుటుంబాలకు కట్టించిన నాలుగంతస్తుల ఇళ్ళకు పటాలు గీచినవారిలో నేనూ ఒకడిని. కింది భాగమంతా వాహనాల కోసం వదిలాము. వాహనాలున్నవారు అక్కడ ఎందరో ఆలోచించలేదు. ఏడాది తరువాత చూడబోతే, మూడవ అంతస్తు కేటాయించిన ఇస్త్రీ మనిషి మెట్ల కింద బల్ల వేసుకున్నాడు. దారికి అడ్డమని దానిని రెండుసార్లు తీయించారట. మరికొంత కాలానికి వెళితే ఆ బల్లా లేదు, అతడూ లేడు. ఇల్లు అద్దెకిచ్చి మళ్ళీ కాలువ గట్టుకే వెళ్ళిపోయాడని పక్కవారు చెప్పారు. జనం ఆయనను తెలివితక్కువవాడన్నారు. తప్పు అతనిది కాదని నాకు తెలుసు. ఆ పటంలో నా చేతిరాత ఉన్నది.

ఇడ్లీల పిన్ని ప్రశ్నకు తరగతి గదిలో జవాబు దొరకదని గ్రహించి, ఆ శీతకాలపు సెలవులలో ప్రయాణం కట్టాము.

తలుపులు లేని బడి

మొదట అహమ్మదాబాదులో దిగాము. అక్కడ 1962లో బాలకృష్ణ దోషి స్థాపించిన వాస్తువిద్యా పాఠశాల ఉన్నది. నేడది విశ్వవిద్యాలయంగా విస్తరించినది. 1927లో పుణెలో జన్మించిన దోషి, 1951 నుండి కొన్ని సంవత్సరాలు పారిస్‌లో లె కార్బూజియే వద్ద పనిచేసి, ఆయన గుజరాతులో తలపెట్టిన కట్టడాలను పర్యవేక్షించడానికి తిరిగివచ్చి, ఇక్కడే స్థిరపడ్డారు. 2018లో వాస్తుశిల్ప రంగంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ పురస్కారం పొందిన తొలి భారతీయుడు ఆయనే. 2023 జనవరిలో కన్నుమూశారు. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగుల కాలనీకి రూపకల్పన చేసినది కూడా ఆయనే కనుక, తెలుగు నేలకు ఆయన పరాయివారు కారు.

పాఠశాల భవనం ఇటుక గోడలు, కాంక్రీటు పలకలతో నిరాడంబరంగా ఉన్నది. కింది భాగం చాలావరకు తెరపి. మెట్ల మీద, చెట్ల కింద, గోడ వారన ఎక్కడబడితే అక్కడ విద్యార్థులు కూర్చొని గీస్తున్నారు, వాదించుకుంటున్నారు. ఎక్కడ తరగతి ముగిసి ఎక్కడ వరండా మొదలయినదో చెప్పడం కష్టం.

మరునాడు పాత నగరంలోని పోళ్ళలో తిరిగాము. పోళ్ అంటే ఒక ద్వారం వెనుక ఇరుకు సందులో కూడిన ఇళ్ళ గుంపు. చెక్కిన కొయ్య స్తంభాలు, ఇంటి మధ్య చౌకు, దాని కింద వాననీటిని నిలువచేసే తొట్టి, వీధిలో పక్షులకు గింజలు వేసే ఎత్తయిన 'చబుతరో', ఇవన్నీ చూడదగినవే. ఈ పాత నగరాన్ని 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. మా వాళ్ళ కళ్ళు మాత్రం ప్రతి ఇంటి ముందూ ఉన్న ఎత్తయిన గట్టు మీద పడ్డాయి. దానిని అక్కడ 'ఓట్లా' అంటారు. ఒక ఓట్లా మీద అవ్వ బఠాణీలు ఒలుస్తున్నది. మరొకదాని మీద గాలిపటాలకు దారం చుడుతున్నారు. ఇంకొకదాని మీద పిల్లవాడు లెక్కలు చేసుకుంటున్నాడు.

"ఇది మన అరుగే కదా మాస్టారూ!" అన్నాడు శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చిన ఒక విద్యార్థి. "మా తాతగారి ఇంటికి ఉండేది. డాబా కట్టినప్పుడు కొట్టించేశాము."

అరుగు ఇంటిదా, వీధిదా? రెండింటిదీ. అద్దె లేని దుకాణం అది, రుసుము లేని బడి అది. చదరపు అడుగుల లెక్కలో దానికి చోటు లేదు కనుక మా పటాలలో ముందుగా మాయమయ్యేదీ అదే.

అడవి కాని అరణ్యం

అహమ్మదాబాదు నుండి గోధ్రా, దాహోద్, ఝాబువాల మీదుగా రాత్రంతా బస్సు. తెల్లవారేసరికి ఇందోరు. 2017 నుండి ఏటేటా దేశంలో అతి పరిశుభ్రమైన నగరంగా పేరు తెచ్చుకుంటున్న ఊరు కనుక, పోహా తిన్న దొన్నెలు పారవేయడానికి మా పిల్లలు డబ్బా కోసం బుద్ధిగా వెదికారు. నగర కేంద్రానికి ఉత్తరాన ఆరు కిలోమీటర్ల దూరంలో, ముంబయి-ఆగ్రా రహదారి పక్కన మేము చూడవలసిన చోటు ఉన్నది. దాని పేరు అరణ్య.

అరణ్య కథ 1980వ దశకంలో మొదలయినది. జౌళి మిల్లుల నగరమైన ఇందోరులో బీదలకు ఇళ్ళ కొరత తీవ్రంగా ఉన్నప్పుడు, అక్కడి అభివృద్ధి సంస్థ సుమారు 85 హెక్టార్ల భూమిలో ఒక కొత్త ఊరును తలపెట్టి, రూపకల్పన బాధ్యతను దోషి స్థాపించిన వాస్తుశిల్ప ఫౌండేషన్‌కు అప్పగించినది. అదే కాలంలో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కనీస వ్యయ గృహాలను అధ్యయనం చేసే బృందం ఒకటి ఈ సంస్థతో చేతులు కలిపి, ఇందోరులోని మురికివాడలకు నడచివెళ్ళినది. వారు అక్కడి లోపాలను జాబితా వేయడానికి వెళ్ళలేదు. ఆ ఇళ్ళు కట్టుకున్నవారి తెలివిని కొలిచి గీయడానికి వెళ్ళారు. సందు వెడల్పు ఎంత, గుమ్మం ముందు గట్టు ఎంత, చెట్టు కింద ఎవరు ఏ పని చేస్తారు, చిల్లరకొట్టు ఎక్కడ పుడుతుంది అన్నవి పటాలలోకి ఎక్కాయి. మిగిలిన సగం ప్రపంచం ఇళ్ళు ఎలా కట్టుకుంటుందో తెలిపే ఆ నివేదిక 1984లో వెలువడినది. వాస్తువిద్య బోధనలో దానిని ఒక మలుపుగా నేను భావిస్తాను. అంతవరకు బీదవాడు మా పాఠాలలో సమస్య మాత్రమే. అందులో అతడు ఉపాధ్యాయుడయ్యాడు.

ఆ పరిశీలనల ఫలితం అరణ్యలో కనిపిస్తుంది. సుమారు 6,500 ఇళ్ళకు అక్కడ తావు కల్పించారు. వాటిలో ఎక్కువ భాగం అత్యల్ప ఆదాయ వర్గానికి. వారికి ఇచ్చిన స్థలం సుమారు 35 చదరపు మీటర్లు. పూర్తి ఇల్లు కట్టి ఇవ్వలేదు. ఒక పునాది వేదిక, మరుగుదొడ్డి, స్నానానికి తావు, నీటి కొళాయి, విద్యుత్తు సమకూర్చారు. కొందరికి ఒక గది కూడా ఇచ్చారు. తక్కినది చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు ఎవరి వీలు కొలది వారు కట్టుకోవాలి. రహదారి వైపు పెద్ద స్థలాలను కలిగినవారికి లాభానికి అమ్మి, ఆ సొమ్మును బీదల స్థలాలకు మళ్ళించారు. ఇరవై ఇళ్ళకు ఒక సెప్టిక్ ట్యాంకు. మధ్యన దుకాణాలు, పైన నివాసాలు ఉండే ఒక కేంద్ర వీధి. ఎలా కట్టుకోవచ్చో చూపించడానికి దోషి బృందం ఎనభై నమూనా ఇళ్ళు కట్టించినది. అంతే. 1995లో ఈ ఊరుకు ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం లభించినది.

ఆ నమూనా ఇళ్ళ ముందు మేము చాలాసేపు నిలబడ్డాము. వెలుపలి మెట్లు, చిన్న వసారాలు, గుమ్మం ముందు ఓట్లాలు. ఒకదానిని పోలినది ఒకటి లేదు. ఏ గోడ ఆర్కిటెక్టు కట్టించినదో, ఏది ఆ తరువాత ఇంటివారు లేపినదో గుర్తించమని విద్యార్థులకు పరీక్ష పెట్టాను. సగానికి పైగా తప్పు చెప్పారు. ఆ తప్పులు నాకు సంతోషం కలిగించాయి.

సందులోకి నడిచాము. ఒక ఇంటి ముందుగదిలో కిరాణా కొట్టు, పక్కింటిలో దర్జీ, ఆ పైన అద్దెకున్నవారి బట్టలు ఆరుతున్నాయి. వెలుపలి మెట్లు ఎందుకో అప్పుడు తెలిసింది. పై అంతస్తుకు దారి వేరుగా ఉన్నది కనుక, కింది గది దుకాణమైనా, పైగది అద్దెకిచ్చినా, ఒకరి బ్రతుకు మరొకరి మంచం పక్కనుండి నడవనవసరం లేదు. ఇంటిని ఆస్తిగా మార్చినది ఆ మెట్లే. మా విద్యార్థులు మెట్లను కొలిచారు. నేను చెప్పకుండా వారంతట వారు టేపు తీయడం ఆ ప్రయాణంలో అదే మొదటిసారి.

మెచ్చుకోలుతో ఆగరాదు

అయితే తీర్థయాత్రకు వచ్చినవారిలా చేతులు జోడించి వెళ్ళిపోవడం విద్యార్థులకు తగదు. అరణ్యలో ప్రశ్నలు కూడా ఉన్నాయి. కొన్ని చోట్ల చిన్న స్థలాలను కలిపి పెద్ద మేడలు లేచాయి. వాటిని మొదటివారే కట్టుకున్నారా, లేక అవసరానికి అమ్ముకొని వెళ్ళిపోయారా? అమ్ముకున్నవారు బాగుపడ్డారా, మరొక మురికివాడకు చేరారా? స్థలం విలువ పెరిగినకొద్దీ బీదవాడి మీద ఒత్తిడి పెరుగుతుంది. ఈ చిక్కును పటం ఒక్కటే విప్పలేదు.

ఇంకొక తేడా ఉన్నది. అరణ్యకు 85 హెక్టార్ల ఖాళీ భూమి దొరికినది. మన కొండవాలు బస్తీకి అటువంటి అదృష్టం లేదు. మేము పైకి లేవక తప్పదు. పైకి లేచిన కొద్దీ అరుగులు తగ్గుతాయి. నేలను తాకే ఇళ్ళు కొన్ని, గాలిలో వేలాడే ఇళ్ళు ఎక్కువ. కింది గుమ్మాలు ఎవరికి దక్కాలి?

సరాఫా బజారులో ఆ అమ్మాయి రంగుల ప్రశ్న వేసినది ఆ రాత్రే. బసకు తిరిగివచ్చాక అందరమూ డాబా మీద కూర్చున్నాము. "ఒకే మెట్టు పగలు నగల దుకాణానిది, రాత్రి జిలేబీ వానిది. కనుక తావును మాత్రమే కాదు, వేళను కూడా పంచవచ్చు" అన్నాడొకడు. "కాని నగల వ్యాపారి ఒప్పుకోవాలి కదా. ఆ ఒప్పందం ఎవరు రాస్తారు?" అన్నది మరొక అమ్మాయి. నిద్రపోయేసరికి రెండు దాటినది.

తిరిగి కొండవాలుకు

తిరిగివచ్చాక పాత పటాలు పక్కన పెట్టి బస్తీని మళ్ళీ కొలిచాము. ఈసారి మనుషులను కాదు, పనులను లెక్కించాము. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఒక జట్టు, మిట్టమధ్యాహ్నం ఒకటి, రాత్రి పది గంటలకు మరొకటి వెళ్ళింది. నలభై ఇళ్ళలో ఇరవై ఆరింట ఏదో ఒక పని ఇంటిలోనో గుమ్మంలోనో సాగుతున్నదని తేలింది. కుట్టుపని, ఇస్త్రీ, ఎండుచేపల బుట్టలు, సైకిలు మరమ్మతు, పూలు కట్టడం, ఇడ్లీలు. మొదటి లెక్కలో ఈ పట్టికే లేదు.

పనులు తెలిశాక భవనం తీరు మారినది. అన్ని పనులూ ఇంటితో కలిసి ఇమడవని కూడా తెలిసింది. కుట్టుమిషను ఏ అంతస్తులోనైనా నడుస్తుంది. ఎండుచేపల వాసనకు గాలి వాలు చూడాలి. వెల్డింగు నిప్పురవ్వలు నిద్రించే గది కింద ఉండరాదు. దానికి రోడ్డు వైపు మందమైన గోడతో విడిగా ఒక కొట్టు కావాలి. పొయ్యి ఉన్నచోట పొగకు గొట్టం, నీటికి తూము తప్పవు. కొట్టు గదిని కొంచెం ఎత్తుగా కడితే సరుకుకు అటక దొరుకుతుంది. కొట్లకు విద్యుత్తు మీటరు వేరుగా ఉండాలి, లేకుంటే ఇంటిల్లిపాదికీ వ్యాపార రేటు పడుతుంది. కొట్ల నుండి వచ్చే అద్దెలో ఒక భాగం నీటి పంపు, మెట్ల దీపాల ఖర్చుకు పోవాలి. నలుగురి ఇళ్ళలో పంపు పాడయితే బాగుచేయించే సొమ్ము ఎక్కడిది అన్నది గోడల మందం కంటె తక్కువ ప్రశ్న కాదు.

అసలు చిక్కుముడిని విప్పినది శ్రీకాకుళం కుర్రవాడు. మేమంతా ఆ వాలును ఒక ఇబ్బందిగా భావించి చదును చేయడానికి చూస్తున్నాము. అతడు అడ్డుకోత పటం గీచి, కింది రోడ్డుకు రెండవ అంతస్తు అయినది పై సందుకు నేల అంతస్తే అవుతుందని చూపించాడు. కొండకు రెండు నేలలున్నాయి. రెండు వైపులా గుమ్మాలు పెడితే అరుగులు రెట్టింపవుతాయి. కింది నేల మీద బజారు పనులు, పై నేల మీద ఇంటి పనులు, వాటి మధ్య వెలుపలి మెట్లు. ఆ మెట్లు ఇందోరులో కొలిచిన కొలతలే.

విద్యార్థులే గీచి, విద్యార్థులే కట్టే పద్ధతి కొన్ని దేశాలలో ఉన్నది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 1967 నుండి వాస్తువిద్య విద్యార్థులు ఏటా ఒక కట్టడాన్ని స్వయంగా నిర్మిస్తున్నారు. మాకు అంతటి స్తోమత లేదు. మా పటాలు మార్కుల కోసం గీచినవి. ఈ సంగతి విద్యార్థులకు తెలుసు, నాకు తెలుసు. బస్తీవారికి తెలుసునా?

రెండవసారి నమూనాలు రామమందిరం చప్టా మీద పెట్టినప్పుడు ఆ సంగతి తేలింది. ఇడ్లీల పిన్ని ముందుకు వచ్చింది. తన పొయ్యి ఎక్కడున్నదో ఈసారి ఎవరూ చూపనక్కరలేకపోయినది. కాని ఆమె ఊరుకోలేదు. అట్టతో చేసిన ఆ చిన్న కొట్టును వేళ్ళతో ఊడబీకి, మూల నుండి తెచ్చి మెట్ల పక్కన పెట్టింది.

"ఆ మూల ఎవలొస్తారు? మెట్లు దిగి పన్లోకెళ్ళేవోళ్ళు ఇక్కడ ఆగుతారు" అన్నది.

చదువుకున్న పద్దెనిమిది మందికీ తట్టని మాట అది. జిగురు పట్టిన అట్ట చిరిగిపోయింది గాని, ఎవరూ బాధపడలేదు. ఆమె తరువాత ఇస్త్రీ మనిషి వచ్చాడు, పూలమ్మి వచ్చింది. గంటలో మా నమూనా గుర్తుపట్టలేకుండా మారిపోయినది.

అందరూ వెళ్ళబోతుండగా పిన్ని వెనుదిరిగి అడిగింది.

"ఇంతకీ ఎప్పుడు కడతారు బాబూ?"

విద్యార్థులందరూ నావైపు చూచారు. ఇది పాఠమని, ఇది ఎప్పుడు కట్టబడుతుందో మా చేతిలో లేదని, అధికారులకు పటాలు అందజేసి అడుగుతామే తప్ప మాట ఇవ్వలేమని చెప్పాను. చెబుతున్నంతసేపూ కాలువ గట్టు మీది ఇస్త్రీ మనిషి నా కళ్ళలో మెదిలాడు. ఆమె కోపగించలేదు. "ఆ సంగతి ముందే చెప్పుంటే ఇంకా బాగా చూసేదాన్ని" అని మాత్రం అన్నది. ఆనాటి నుండి బస్తీకి వెళ్ళే ప్రతి జట్టూ, టేపు విప్పకముందే, తాము ఎవరో, ఏమి చేయగలరో, ఏమి చేయలేరో చెప్పాలన్న నియమం పెట్టుకున్నాము. మా పాఠ్యప్రణాళికలో ఇప్పుడది మొదటి పాఠం.

పటాలు నగరపాలక కార్యాలయంలో ఉన్నాయి. వాటి సంగతి అడగడానికి నెలకొకసారి వెళ్ళి వస్తున్నాము. ఈలోగా విద్యార్థులు తమలో తాము చందాలు వేసుకొని, ఒక మేస్త్రీని తోడు తెచ్చుకొని, వేసవి సెలవులలో ఆ బస్తీ మలుపులో ఒక పని చేశారు. ఎనిమిది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. పక్కన నీరు పోయే తూము, పైన రేకు నీడ. పిన్ని దాని మీద తెల్లవారుజామున ఇడ్లీలు అమ్ముతుంది. పది గంటలకు ఆమె లేచాక ఇస్త్రీ మనిషి బల్ల వేస్తాడు. సాయంకాలం అక్కడే పూలు కడతారు. ముగ్గురూ మాట్లాడుకొని వేళలు పంచుకున్నారు.

మొన్న కొత్త విద్యార్థులను ఆ మలుపుకు తీసుకువెళ్ళి, బస్తీ పటాన్ని చేతికిచ్చాను. ఒకడు అరుగు దగ్గర కుంచె పట్టుకొని చాలాసేపు ఆలోచించాడు. తరువాత పసుపు, నీలం రెండూ పక్కన పెట్టి, పెన్సిలుతో మూడు వేళలూ రాసుకున్నాడు.